స్నానగుళిక: గుణదోషవిచారము



నేఁడు నేను మీకు విన్నవింపఁబూనిన విషయము మిక్కిలి చిన్నది. అరచేత నిముడునంతటి యొక యుండ. దానిని ఆంగ్లభాషలో ‘బాత్ బాంబు’ అందురు. తెలుఁగున యథాతథముగాఁ జెప్పవలసినచో ‘స్నానపు బాంబు’ అనవలయును. ఈ పేరు వినినంతనే మన యూళ్ళలోని పెద్దలు కొందఱు ఉలికిపడుట నే నెఱుఁగుదును. భయపడవలసిన పనిలేదు. ఇందు మందుగుండు లేదు, మంట లేదు, ప్రేలుడు లేదు. నీటిలోఁ బడినంతనే బుసబుస పొంగి, నురుగు గట్టి, సువాసనను వెదజల్లి, కొన్ని నిమిషములలోఁ గరఁగి మాయమగును. ఆ పొంగును జూచియే దానికి సరసముగా ‘బాంబు’ అని పేరిడిరి. నాకు పేరు పెట్టు నధికార మున్నచో దీనిని ‘స్నానగుళిక’ అందును. గుళిక యనఁగా మాత్ర. ఈ ప్రసంగమున నేనా పేరునే వాడెదను.

ఇంత యల్పవస్తువును గూర్చి పెద్దలకుఁ జెప్పవలసిన దేమి యని మీ రడుగవచ్చును. కారణము కలదు. పట్టణములఁ జదువుకొను పిల్లలును, విదేశములనున్న కొడుకులును కోడండ్రును పండుగలకు వచ్చునపుడు ఇట్టి వస్తువులను దెచ్చుచున్నారు. చేతిలోని ఫోనుమీఁద వ్రేలు నొక్కినంత మాత్రమున పల్లెటూరి యింటి వాకిటికి సయితము ఇవి వచ్చి చేరుచున్నవి. క్రొత్తవస్తువు ఇంటిలోఁ బ్రవేశించినపుడు ‘తాతయ్యా, ఇది వాడవచ్చునా?’ అను ప్రశ్న పెద్దల కడకే వచ్చును. తెలియక వలదన్నచో పిల్లల ముచ్చటను వృథాగాఁ జెఱిచినవార మగుదుము. తెలియక సరే యన్నచో నపాయమునకు లోనగుదుము. ఆ యపాయము కూడ పిల్లలకంటె మనవంటి వృద్ధులకే యెక్కువ. అది యెట్లో క్రమముగా మనవి చేసెదను.

ముందుగా దీని జన్మవృత్తాంతము. ఈ గుళిక పుట్టినది ఇంగ్లండు దేశమున. ఆ దేశపు దక్షిణతీరమున డార్సెట్ అను మండలము కలదు. అచ్చట మో కాన్‌స్టంటైన్ అను నామె 1989వ సంవత్సరమున దీనిని గల్పించెను. తలనొప్పికిని, కడుపులోని పులుపునకును నీటిలో వేసికొని త్రాగు ‘ఆల్కా సెల్ట్‌జర్’ అను బిళ్ళ అమెరికాలో 1931 మొదలుకొని అమ్మకమున నున్నది. ఆ బిళ్ళ నీటిలోఁ బొంగు తీరే యామెకు దారి చూపినది. త్రాగు మందు పొంగఁగా స్నానపునీటిలో వేయు సుగంధద్రవ్యము మాత్ర మేల పొంగరాదు? 1995లో ఆమెయు, ఆమె భర్తయు, మఱికొందఱును గలిసి ‘లష్’ అను వ్యాపారసంస్థను స్థాపించిరి. ఆ సంస్థ దుకాణముల మూలమున ఈ గుళిక దేశదేశములకు వ్యాపించెను. పిమ్మట నితరులును జేయసాగిరి.

ఇంగ్లండు చలిదేశము. అచ్చటివారు నిలువెడు పొడవుగల తొట్టిలో వేఁడినీరు నింపి, అందుఁ బరుండి స్నానము చేయుట కలదు. అట్టి తొట్టికి మిక్కిలి నీరు గావలయును. మనది చెంబుస్నానము. బకెట్టెడు నీరు, అనఁగా పదునైదు ఇరువది లీటర్లు, చాలును. కాఁబట్టి తొట్టికొఱకుఁ బుట్టిన వస్తువు మన పెరటిగచ్చుమీఁదికి వచ్చినపుడు దాని యుపయోగము మాఱిపోవును. చెంబుతో నెత్తి పోసికొనునపుడు గుళికలోని సువాసనయు నూనెయు ఒంటిని పట్టకముందే కాలువలోఁ గలిసిపోవును. మన యిండ్లలో నిది పాదములను నానఁబెట్టుకొనుటకు మాత్రమే కొంత పనికివచ్చును.

ఇఁక దీని లోపలి రహస్యము. గుళికలో ముఖ్యమైన ద్రవ్యములు రెండు. ఒకటి వంటసోడా, రెండవది నిమ్మఉప్పు. వంటసోడా క్షారజాతిది. మన వైద్యగ్రంథములలోని సర్జికాక్షారమునకు దగ్గఱి చుట్టము. నిమ్మఉప్పు ఆమ్లజాతిది, అనఁగా పులుపు. దీనిని 1784లో స్వీడన్ దేశపు రసాయనశాస్త్రజ్ఞుఁడు షీలే నిమ్మరసమునుండి స్ఫటికములుగా వేఱు చేసెను. నేఁడు కర్మాగారములలో దీనికై నిమ్మకాయలను బిండుట లేదు. 1917లో జేమ్స్ కరీ యను నతఁడు చక్కెరనీటిలో ఒక జాతి నల్లబూజును బెంచినచో అది యీ పులుపును సమృద్ధిగా నిచ్చునని చూపెను. ఇప్పుడు అంగళ్ళలో దొరకు నిమ్మఉప్పులో మిక్కిలి భాగ మాబూజు మూలమున వచ్చినదే. పేరులో మాత్రము నిమ్మ మిగిలినది.

క్షారమును ఆమ్లమును నీటిలోఁ గలిసినపుడు వాయువు పుట్టును. పూర్వపు పాఠ్యపుస్తకములలో దీనిని ‘బొగ్గుపులుసు వాయువు’ అని చెప్పుచుండిరి. నేఁటి పిల్లలు కార్బన్ డయాక్సైడు అందురు. మీకిది క్రొత్త కాదు. గోలీసోడాను నొక్కినపుడు చుయ్యిమని వెలికి వచ్చున దీ వాయువే. ఆ సీసాలోని గోలీని మెడకు నొక్కిపట్టి మూఁతవలె నిలుపునదియు నీ వాయువుయొక్క యొత్తిడియే. అట్టి సీసాను హైరమ్ కాడ్ అను నాంగ్లేయుఁడు 1872లో గల్పించెను. పులిసిన మజ్జిగలో చిటికెడు వంటసోడా వేసినపుడు పొంగు నురుగును నిదే జాతిది.

ఈ రెండు పొడులును ఒక్క యుండలో ఎడతెగక కలిసియుండియు, నీటిని దాఁకువఱకు కలహింపకుండుట యెట్లు? పొడిగా నున్నంతవఱకు వాని యణువులు కదలలేక యెక్కడివక్కడనే బిగిసియుండును. నీరు తగిలినపుడు అవి విడిపోయి, కరఁగి, యొకదానినొకటి చేరును. కాఁబట్టి నీరే వాని మధ్యవర్తి. ఇందువలననే ఈ గుళికకు తేమ పరమశత్రువు. మన కోస్తాప్రాంతమున ఆషాఢశ్రావణములలో మూఁత తీసి యుంచిన గుళిక గాలిలోని తేమకే మెత్తఁబడి, ఉబ్బి, పగుళ్ళు వాఱి, నీటిలో వేయునాఁటికి పొంగు చచ్చి యుండును.

పుస్తకజ్ఞానము చాలదని మా యింట దీనిని స్వయముగాఁ బరీక్షించితిని. నా మనుమరాలు హైదరాబాదునుండి వచ్చుచు అంగడిలో 250 రూపాయలకుఁ గొన్న గుళిక నొకదానిని దెచ్చెను. దానిపైఁ జుట్టిన కాగితమున ద్రవ్యముల పట్టిక కలదు. ఆ పట్టికను జదివించుకొని, అందలి ప్రధానద్రవ్యములు కిరాణాకొట్టున దొరకునవే యని గ్రహించి, మేమిద్దఱము ఇంటియందే నాలుగు గుళికలను జేసితిమి.

చేసిన విధము చెప్పెదను. వంటసోడా 200 గ్రాములు, నిమ్మఉప్పు 100 గ్రాములు, మొక్కజొన్న గంజిపొడి 80 గ్రాములు, కొబ్బరినూనె 20 గ్రాములు, వట్టివేళ్ళ తైలము పండ్రెండు చుక్కలు. రంగునకై పసుపు వేయుదమని మనుమరాలనెను. సున్నము తగిలిన పసుపు పారాణి యగుట మీ రెఱుఁగుదురు. క్షారము సోఁకినచో పసుపునకు రంగు మాఱు గుణము కలదు. పైఁగా గుడ్డలకు మరక. అందుచే రంగు మానితిమి. పొడులను జల్లించి, ఉండలు లేకుండఁ గలిపి, నూనెను తైలమును దానికిఁ బట్టించి, పన్నీరుబుడ్డితో రెండుమూఁడు చిలుకరింపులు మాత్రము నీరు చల్లితిమి. చేతఁ బట్టి నొక్కిన సున్నుండవలె నిలిచినచో పాకము కుదిరినట్లు. నీరెక్కువైనచో చేతిలోనే పొంగుట కారంభించును. రెండు గుండ్రని గరిటెలలో గట్టిగా నొత్తి, రెంటిని జేర్చి యుండ చేసి, నీడపట్టున ఒక దినమాఱఁబెట్టితిమి. ఒక్కొక్కటి 100 గ్రాములు తూఁగినది. నాలుగింటికి నైన వ్యయము కొన్న గుళిక యొక్కదాని వెలలో సగమునకు మించలేదు. పొడిని గలుపునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలయును. నిమ్మఉప్పు ధూళి కంటఁ బడినను, ముక్కునకెక్కినను మిక్కిలి మంట పుట్టించును.

మొదటి పరీక్ష. ఇత్తడి గంగాళమున 20 లీటర్ల గోరువెచ్చని నీరు పోసి గుళికను విడిచితిమి. అది మునిఁగి, వెంటనే పైకి తేలి, గిరగిర తిరుగుచుఁ బొంగినది. కొన్న గుళిక రెండున్నర నిమిషములలోను, మేము చేసినది నాలుగు నిమిషములలోను గరఁగెను. కొన్నదానిలో నురుగుకొఱకు వేఱొక ద్రవ్యమును గలిపియుండుటచే నురుగు దట్టముగా నిలిచినది. మాదానిలో బుడగలు పుట్టినవి పుట్టినట్లే పగిలిపోయినవి. వట్టివేళ్ళ పరిమళము మాత్ర మిల్లంతయు నిండెను. బుడగలు పైకెగసి పగులునపుడు తైలపు సూక్ష్మబిందువులను గాలిలోని కెత్తును. అందుచేతనే యుత్తనూనెను నీటిలో వేసినప్పటికంటె నిట్లు వేసినప్పుడు వాసన త్వరగా వ్యాపించును.

రెండవ పరీక్ష. ఒక గాజుగ్లాసులో కొంచెము నీరు పోసి, వంటసోడా నొక చెంచాయు, నిమ్మఉప్పు నొక చెంచాయు వేసి, గ్లాసును చేతఁ బట్టుకొంటిమి. పొంగుచున్నకొలఁది గ్లాసు చల్లఁబడెను. సున్నములో నీరు పోసినపుడు కుతకుత యుడికి వేఁడి పుట్టుట చూచినవారికిది యాశ్చర్యమే. సున్నము తనలోని వేఁడిని బయటికి విడుచును. ఈ కలయిక చుట్టునున్న వేఁడిని లోనికిఁ బుచ్చుకొనును. గంగాళమంతటి నీటిలో ఈ చల్లదనము తెలియనంత యల్పము.

మూఁడవ పరీక్ష మీకందఱకును దెలియవలసినది. పది లీటర్ల బిందె యడుగున కొంచెము నీరు పోసి, సగము గుళికను వేసి, పొంగు తగ్గిన పిదప తీఁగకుఁ గట్టిన చిన్న ప్రమిదను వెలిఁగించి మెల్లగా దించితిమి. బిందె మెడ దాఁటినంతనే దీపము ఊఁదినట్లాఱిపోయెను. ఈ వాయువు గాలికంటె బరువైనది. పల్లమున నిలిచి, దీపమును ప్రాణిని గూడ నుక్కిరిబిక్కిరి చేయును. పాడుబడిన బావిలోఁ బూడిక తీయుటకు దిగువారు ముందుగా దీపమును దించి చూచు నాచారమునకు మూలమిదియే. అయినను దీపము వెలిఁగిన మాత్రమున బావి నిరపాయమని నమ్మరాదు. దీపము నార్పకయే మనుష్యునిఁ జంపఁగల విషవాయువులును గొన్నిచోట్ల నుండును.

అట్లయిన స్నానపుగదిలో ఈ గుళిక ప్రమాదము కాదా యని మనుమరాలడిగెను. లెక్క కట్టితిమి. మా గుళిక యొక్కదానిలో వంటసోడా 50 గ్రాములు, నిమ్మఉప్పు 25 గ్రాములు. ఇవి కలిసి యిచ్చు వాయువు రమారమి 17 గ్రాములు, కొలతకు తొమ్మిదిన్నర లీటర్లు. అందును గొంత నీటిలోనే కరఁగియుండును. ఆఱడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల యెత్తుగల గదిలో 6,800 లీటర్ల గాలి పట్టును. వాయువంతయు వెలువడినను వేయింట ఒకటిన్నర వంతు మించదు. ఒక్క గుళికతో భయములేదు. తలుపు ఓరగా నుంచిన మఱియు మంచిది.

నాలుగవ పరీక్షకు మందారపువ్వు చాలును. ఎఱ్ఱమందారపు రేకులను తెల్లకాగితముపై రుద్దిన నూదాఛాయ వచ్చును. ఆ కాగితమును నిమ్మఉప్పునీటిలో ముంచిన నెఱ్ఱనగును, సోడానీటిలో ముంచిన పచ్చవాఱును. గుళిక కరఁగిన నీటిలో ముంచఁగా నది పచ్చవైపునకే కొలఁదిగా మొగ్గినది. కారణము స్పష్టము. 25 గ్రాముల నిమ్మఉప్పు 33 గ్రాముల వంటసోడాను మాత్రమే ఖర్చు చేయఁగలదు. తక్కిన 17 గ్రాములు నీటిలో క్షారముగనే మిగులును. మన చర్మము స్వభావముచే కొంచెము పులుపు గుణము గలది. కావున ఈ నీటిలో అరగంటకాలము నానుట చర్మమునకుఁ బొడితనమును దెచ్చును. పది పదునైదు నిమిషములు చాలును.

ఇఁక గుణములకు వత్తము. ఈ గుళిక మురికిని వదలింపదు. ఈ మాట ముఖ్యముగా గుర్తుంచుకొనవలయును. సబ్బువలె జిడ్డును దీయు శక్తి దీనికి లేదు. మన సున్నిపిండివలె ఒరసి మట్టిని రాల్చు గుణమును లేదు. పెసలు, సెనగలు, బావంచాలు, కచ్చూరాలు, వట్టివేళ్ళు చేర్చి విసరిన పిండి, తలంటిన నూనెను బీల్చి, ఒంటిని శుభ్రపఱచి, వాసన నిచ్చును. అది మూఁడు పనులు చేయును. ఈ గుళిక చేయున దొక్క వాసనపని; కొంచెము నూనె యుండుటచే పాదములకు నునుపు. కావున దీనిని సున్నిపిండికి బదులుగా నెంచరాదు.

స్నానమున సువాసన కోరుట మనకు క్రొత్తయని యెవరైన ననినచో నొప్పుకొనవలదు. వరాహమిహిరుని బృహత్సంహితలో గంధయుక్తి యని సుగంధద్రవ్యముల కూర్పునకే యొక యధ్యాయము కలదు. కల్యాణి చాళుక్యప్రభువు మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున స్నానభోగమను ప్రకరణమే కలదు. పాశ్చాత్యులు క్రొత్తగాఁ జేర్చినది పొంగు మాత్రమే. ఆ పొంగు పిల్లలకు వినోదము. వంటసోడా, నిమ్మఉప్పు, దీపము, మందారము ఉన్నచో ఒక పూఁట రసాయనపాఠము ఇంటిలోనే జరుగును. బడిపిల్లలున్న యింట నీ ముచ్చట చేయించుట మేలనియే నా మతము.

ఇప్పుడు నేను ముందు చెప్పిన యపాయమును గూర్చి. మేము గంగాళమును సిద్ధము చేయుచున్న సాయంకాలమున మా వీధిలోని నా వృద్ధమిత్రుఁడొకఁడు వచ్చెను. ఆయనకు డెబ్బదియేండ్లు. మధుమేహము పదునైదేండ్లనుండి కలదు. నీటి పరిమళము చూచి ముచ్చటపడి, ‘పంతులుగారూ, నా కాళ్ళు కూడా కాసేపు ఇందులో పెట్టనివ్వండి, తిమ్మిరి వదులుతుందేమో’ అనెను. నా మనుమరాలు అప్పుడే కాఁగులోని వేఁడినీరు గంగాళమునఁ బోసి, చన్నీరు తోడుటకై బావి కడకుఁ బోయియుండెను. నేను ఆఁగుఁడని చెప్పునంతలోనే యాయన కుడికాలి వ్రేళ్ళను నీటిలో ముంచి, ‘ఇవేం నీళ్ళండీ, చల్లగానే ఉన్నాయే! ఇంకొంచెం వేడినీళ్ళు పొయ్యండి’ అనెను. నేను మోచేయి తగిలించి చూచితిని. ఒక్క క్షణమైన నుంచలేకపోయితిని. వెంటనే కాలు తీయించితిమి. వ్రేళ్ళు కందియున్నవి. ఆయనకు నొప్పి తెలియలేదు.

మఱునాఁడు ఆయనను వైద్యుని కడకుఁ దీసికొనిపోయితిని. వైద్యుఁడు సన్నని ప్లాస్టిక్ తీఁగతో అరికాళ్ళను పలుచోట్ల తాఁకుచు, కన్నులు మూసికొని తగిలినపుడెల్లఁ జెప్పుమనెను. కుడికాలి బొటనవ్రేలి క్రిందను, మడమవద్దను తాఁకినను ఆయన పలుకలేదు. ‘ఏళ్ళ తరబడి చక్కెరజబ్బు ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి తాతగారూ. వేడి తెలియదు, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కాలి బొబ్బ పుండై, పుండు కుళ్ళి, కాలు తీసేయవలసి రావచ్చు’ అని వైద్యుఁడు చెప్పెను. అది విని నా మిత్రుఁడు చాలసేపు తన పాదములనే చూచుకొనుచుండెను. ఆ తిమ్మిరిని ఆయన రెండేండ్లనుండి ముసలితనమనుకొనుచుండెను.

కాఁబట్టి మధుమేహము గలవారు సువాసనగుళికతోఁ గాని, ఉప్పుతోఁ గాని, వట్టి వేఁడినీటితోఁ గాని పాదములను నానఁబెట్టరాదు. నానుటచే చర్మము మెత్తఁబడి పగులును, పిదప పొడిబాఱును. వేఁడి తెలియకపోవుటచే కాలును. వారు గోరువెచ్చని నీటితో పాదములను గడిగి, వ్రేళ్ళ సందులను మెత్తని గుడ్డతో తడిలేకుండ నొత్తుకొనవలయును. అరికాలికిని మడమకును నూనె రాచుకొనవచ్చును గాని వ్రేళ్ళ సందులఁ బూయరాదు. ప్రతిదినము అరికాళ్ళను అద్దముతోనైనను, ఇంటివారిచేతనైనను జూపించుకొనవలయును. చెప్పులు లేక నడువరాదు. నీటి వేఁడిని తాము చూచుకొనక, స్పర్శ బాగుగానున్న మఱియొకరు మోచేతితోఁ జూచి చెప్పవలయును. ఏడాదికొకసారియైనను వైద్యునిచేత పాదపరీక్ష చేయించుకొనవలయును.

ఆరోగ్యవంతులు సయితము వేఁడినీటియెడ మితము పాటింపవలయును. వాగ్భటుఁడు అష్టాంగహృదయమున దినచర్యను జెప్పుచు, వేఁడినీటి స్నానము మెడక్రింది శరీరమునకు బలకరమనియు, తలకైనచో జుట్టునకును కన్నులకును జేటనియుఁ జెప్పెను. భోజనమైన వెంటనే స్నానమును వలదనెను. గుళిక వేసిన నీటి విషయమునను ఈ నియమములే పాటింపఁదగును.

వృద్ధులకు రెండవ యపాయము జాఱుట. గుళికలోని నూనె నీటితో పాటు గచ్చుపైఁ బఱచుకొనును. కంటికిఁ గనఁబడదు. నూనెజిడ్డుగల గచ్చుమీఁద తడికాలు పెట్టినవాఁడు పడక తప్పదు. ముసలితనమున తుంటియెముక విరిగినచో మంచము పట్టుట మీరు మీ యూరిలోనే చూచియుందురు. కావున పాదములు కూర్చుండియే తుడుచుకొని, పిమ్మట లేవవలయును. గంగాళమును గుమ్మరించిన వెంటనే గచ్చును సీకాయపొడితోఁ గాని సబ్బుతోఁ గాని రుద్ది కడిగింపవలయును.

మూఁడవది చర్మపు దురద. సుగంధతైలములు కొందఱకుఁ బడవు. కరఁగిన నీటిని ముంజేతి లోపలివైపున కొంచెము రాచి, ఒక రాత్రియు ఒక పగలును జూచి, ఎఱుపు గాని దద్దురు గాని లేకున్ననే వాడవలయును. పసిపిల్లలకు, గజ్జి తామర గలవారికి, పుండ్లు పగుళ్ళు గలవారికి వలదు. స్త్రీలు దీని నీటిలోఁ గూర్చుండి నానుటచే సుకుమారస్థానముల మంట పుట్టవచ్చును. పిల్లలు మిఠాయి యనుకొని నోటఁ బెట్టుకొందురు, ఎత్తుగా నుంచుఁడు. నిలువచేయుట పొడిడబ్బాలో. తడితగిలిన గుళికను గాజుసీసాలో బిగించినచో లోపల వాయువు నిండి సీసా పగులును. గోలీసోడా బలమును దలఁచికొన్నచో ఈ మాట యర్థమగును.

ఒక మాట పెరటిని గూర్చి. మన స్నానపునీరు అరటిపాదులకును కందపాదులకును బాఱును. వంటసోడాలోని సోడియమే నేలను చౌడు చేయు ద్రవ్యము. ఎప్పుడో యొక గుళిక కరఁగిన నీటితో మొక్క చావదు. దినదినము పాఱించిన మాత్రము పాదులోని మన్ను బిగిసి, నీరు దిగని స్థితికి వచ్చును. గుళిక వేసిననాఁటి నీటిని వేఱు కాలువకు మరల్చుట మంచిది.

కొన్ని యూళ్ళలో మహిళాసంఘములవారు సబ్బులు, సున్నిపిండి చేసి యమ్ముచున్నారు. వారు ఈ గుళికలను జేయఁదలఁచినచో పెద్దలు ప్రోత్సహింపవచ్చును. పెట్టుబడి స్వల్పము, పని తేలిక. కాని యింట వాడుకొనుట వేఱు, అమ్ముట వేఱు. 1940 నాఁటి ఔషధ సౌందర్యద్రవ్యముల చట్టమును, 2020 నాఁటి సౌందర్యద్రవ్యముల నియమములను అనుసరించి, అమ్మకమునకై సౌందర్యద్రవ్యములు తయారు చేయువారు రాష్ట్రాధికారులనుండి అనుమతి పొందవలయును. ద్రవ్యముల పట్టికను, తయారైన తేదీని, వాడవలసిన గడువును పొట్లముపై ముద్రింపవలయును. ఆ చిక్కులను ముందుగా విచారించుకొని, పిదప అచ్చులును పొడులును గొనుట మేలు.

మహాశయులారా! మీ మనుమలు ఈ గుళికను దెచ్చినచో ముందు పొట్లముమీఁది పట్టికను జదివించుకొనుఁడు. గంగాళములో వేయించి పొంగును జూడుఁడు. పరిమళమును ఆఘ్రాణింపుఁడు. చక్కెరజబ్బున్నవారు నీటిలో మాత్రము పాదము పెట్టకుఁడు. ఈ వారములోనే యొకనాఁడు మీ యింటి వృద్ధులను కూర్చుండఁబెట్టి, కన్నులు మూయించి, దూదిపోఁగుతో అరికాళ్ళను తాఁకి చూడుఁడు. తాఁకిడి తెలియదన్నవారిని జాగుచేయక వైద్యుని కడకుఁ బంపుఁడు. నా మిత్రుని పాదములు ప్రస్తుతము క్షేమముగా నున్నవి. ఆయన భార్య ప్రతిరాత్రియు దీపము దగ్గఱ కూర్చుండి వానిని బరిశీలించుచున్నది.